పిల్లికి పది రోజుల కాపలా

బేతంచెర్లలో బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళ ఒంటిమీద ఎప్పుడూ ఏదో ఒక గాయం ఉంటుంది. బండ అంచు తగిలి వేలు చీరుకుంటుంది, లేదంటే కాలిమీద పెచ్చు పడుతుంది. ఒక పేలిక చుట్టుకుని మళ్ళీ పనిలో దిగుతారు. లాజరు ముప్పై ఏళ్ళుగా అట్లాగే నెట్టుకొచ్చాడు. అందుకే ఆ గురువారం పిల్లి కరిచినప్పుడు దాన్ని ఒక గాయమని కూడా అనుకోలేదు.

ఆ పిల్లి ఎవరిదీ కాదు. ఏడాది కిందట ఎక్కడినుంచో ఫ్యాక్టరీ ఆవరణలోకి వచ్చింది. బూడిదరంగు ఒళ్ళు, ఒక చెవి కొస తెగి ఉంటుంది. మధ్యాహ్నం లాజరు క్యారియరు విప్పగానే ఎదురుగా వచ్చి కొంచెం ఎడంగా కూర్చునేది. అతను ఒక ముద్ద తీసి విరిగిన బండముక్క మీద పెట్టేవాడు. తినేసి వెళ్ళిపోయేది. దగ్గరికి వచ్చి కాళ్ళకు రాసుకునే రకం కాదు, అతనూ దాన్ని ముట్టుకోబోయేవాడు కాదు. ఇద్దరికీ అట్లా కుదిరింది.

ఫ్యాక్టరీ వెనకవైపు, పాలిష్ పట్టిన బండలను ఇనుప స్టాండ్లకు రెండు వైపులా ఆనించి నిలబెడతారు. వాటి నడుమ గుడిసె లోపలిలాగా ఖాళీ ఉంటుంది. పిల్లి అక్కడ ఈనింది. మూడు పిల్లలు. అవి పుట్టి మూడు వారాలు కాకముందే ఆ బండలు ఎత్తడానికి లారీ వచ్చింది.

ఒక బండ తీస్తే పక్కది జారుతుందనీ, లోపలున్న పిల్లలు నలిగిపోతాయనీ, ముందు వాటిని బయట పెడతాననీ లాజరు అన్నాడు. బండలెత్తే మనుషుల మేస్త్రి ఓబన్న సరేనని బీడీ వెలిగించుకున్నాడు. తల్లి బయటికి పోయి ఉంటుందని లాజరు అనుకున్నాడు. బోర్లా పడుకుని కుడిచెయ్యి లోపలికి పోనిచ్చాడు. ఒక పిల్ల వెచ్చగా చేతికి తగిలింది. పట్టుకుని ఇవతలికి తీయబోయేసరికి తల్లి చీకట్లోంచి వచ్చి బొటనవేలి మొదట్లో కరిచింది. అతను చెయ్యి లాక్కునేలోగా ముంజేయి పొడుగునా గీరింది.

నొప్పి కంటే ముందు అతనికి చిన్నతనంగా అనిపించింది. ఏడాదిగా తన చేతి ముద్ద తిన్న పిల్లి. నలుగురూ చూస్తున్నారు. లేచి, పాలిష్ మిషను పక్కనున్న తొట్లో చెయ్యి ముంచి కడుక్కున్నాడు. తొట్లో నీళ్ళు బండపొడితో పాలలాగా తెల్లగా ఉన్నాయి. వేలి మొదట్లో రెండు చిన్న చుక్కలు కనిపించాయి, అంతే. వాటిమీద రుమాలు కట్టుకున్నాడు.

కుక్క కరిస్తే భయపడాలి కానీ పిల్లి కరిస్తే ఏమవుతుందని ఓబన్న అన్నాడు. ఇంకొకడు సున్నం పూయమన్నాడు. ఫ్యాక్టరీ యజమాని భూపేష్ రెడ్డి గదిలోంచి బయటికి వచ్చి, సంగతి విని, ఆ పిల్లిని గోనెసంచిలో వేసి డోన్ రోడ్డులో ఎక్కడైనా వదిలేసి రమ్మన్నాడు. భూపేష్ చెడ్డవాడు కాదు. నాన్న కాలంలో సేద్యం, ఇతని కాలంలో ఫ్యాక్టరీ. లారీ నిలబడిపోతే అతనికి ఏమీ తోచదు, అంతే. ఈ పూటకి వేరే స్టాండు బండలు ఎత్తండి, పిల్లి సంగతి రేపు చూస్తానని లాజరు బతిమాలాడు. తర్వాత సాయంత్రం దాకా మిషను నడిపాడు.

లాజరు ఇల్లు రైల్వే స్టేషనుకు అవతల, చర్చి వీధిలో ఉంది. ఇంట్లో భార్య విశ్వాసమ్మ, కొడుకు జయకుమార్, కోడలు రెజీనా. జయకుమార్ లారీ డ్రైవరు, ఆ వారం బండలేసుకుని హుబ్బళ్ళి వైపు పోయాడు. రెజీనాది బద్వేలు. బేతంచెర్లకి దగ్గరున్న ఒక పల్లెలో ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సుగా చేస్తుంది. పెళ్ళయి ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలల్లో మామా కోడలూ నేరుగా మాట్లాడుకున్న మాటలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. కోపమేమీ లేదు. ఇంటికొచ్చిన ఆడపిల్లతో ఏం మాట్లాడాలో లాజరుకి తెలియదు. ఏం కావాలన్నా భార్యకి చెప్పేవాడు, ఆమె కోడలికి చెప్పేది.

రెజీనా డ్యూటీ నుంచి వచ్చేసరికి విశ్వాసమ్మ మొగుడి చేతికి పసుపూ కారమూ కలిపి అద్దడానికి గిన్నె పట్టుకుని కూర్చుని ఉంది. సంచి ఇంకా భుజానే ఉంది, రెజీనా ఆ గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దత్తా. ఏం కరిచింది?"

పిల్లి అని అత్త చెప్పింది. ఎప్పుడని అడిగింది. మధ్యాహ్నం రెండింటికని చెప్పింది. రెజీనా గోడ గడియారం వైపు చూసింది. ఆరు కావస్తోంది. అప్పుడు మొదటిసారి మామ వైపు తిరిగి, నేరుగా అతనితోనే అంది.

"మామా, పెరట్లోకి రాండి. సబ్బుతో కడగల్ల. పావుగంట కడగల్ల."

లాజరు కడుక్కున్నానన్నాడు. ఏ నీళ్ళతో అని ఆమె అడిగితే లేచి పెరట్లోకి నడిచాడు.

ఆ వీధికి నీళ్ళు రెండు రోజులకొకసారి వస్తాయి. పెరట్లో ఒక నీలం డ్రమ్ము, దాన్ని విశ్వాసమ్మ నేతిబుడ్డిలాగా చూసుకుంటుంది. రెజీనా మామని బట్టలుతికే బండ మీద కూర్చోబెట్టి, చెయ్యి చాపమంది. మొదట వెనక్కి తీసుకోబోయాడు. ఆమె మణికట్టు పట్టుకుని తన వైపు తిప్పుకుంది. సబ్బు బాగా నురగ తీసి, ఆ రెండు చుక్కల మీదా ముంజేతి గీరల మీదా మెల్లగా రాసింది. గట్టిగా రుద్దలేదు. చెంబు తర్వాత చెంబు ఆపకుండా పొయ్యమని అత్తకి చెప్పింది. నీళ్ళు ధారగా పడుతుంటే మళ్ళీ సబ్బు రాసింది.

అయిదు నిమిషాలకే విశ్వాసమ్మ ఇంకా ఎంతసేపని అడిగింది. ఇంకో పది నిమిషాలని రెజీనా చెప్పింది. డ్రమ్ములో నీళ్ళు సగానికి దిగాయి. విశ్వాసమ్మ ఏదో అనబోయి మొగుడి మొహం చూసి మళ్ళీ చెంబు ముంచింది.

అంతసేపు కోడలు తన చెయ్యి పట్టుకుని కూర్చుంటే ఏమీ మాట్లాడకుండా ఉండటం లాజరుకి ఇబ్బందిగా ఉంది. చివరికి అడిగాడు.

"పిల్లి కరిస్తే ఇంత చెయ్యల్లనా మా?"

రెజీనా సబ్బు ఇంకో చేతిలోకి మార్చుకుంది. తర్వాత చేతిమీంచి చూపు తీయకుండా చెప్పింది. బద్వేల్లో వాళ్ళ ఇంటి పక్కన మద్దమ్మ అని ఉండేది. రెజీనా అమ్మ కూలికి పోతే ఆమే తల దువ్వి, జడేసి బడికి పంపేది. ఒకనాడు వంటింట్లోకి దూరిన పిల్లిని తరమబోతే అది ఆమె చేతిమీద కరిచింది. ఎవరో ఆకు పసరు కట్టారు. గాయం మానిపోయింది. అందరూ మరిచిపోయారు. మూడు నెలల తర్వాత ఒక పొద్దున మద్దమ్మ మంచినీళ్ళు తాగలేకపోయింది. గ్లాసు చూస్తేనే గొంతు పట్టేసేది. కడప ఆస్పత్రికి తీసుకుపోయారు కానీ అప్పటికి ఎవరూ చేయగలిగింది లేదు.

"అప్పుడు నాకు పదకొండేళ్ళు. మొదటి రోజే సూది వేయించుంటే బతికుండేదని అక్కడి నర్సమ్మ చెప్పింది మామా. ఆ మాట నాకు మనసులోనుంచి పోలేదు."

లాజరు చెయ్యి ఇంకొంచెం ముందుకి చాపాడు. విశ్వాసమ్మ చెంబు నీళ్ళు ఆగలేదు. పావుగంట అయ్యాక కూడా రెజీనా చెయ్యి వదులుతుందేమోనని అతను చూడలేదు. ఆమే లేచి శుభ్రమైన గుడ్డతో నీళ్ళు అద్ది, కట్టు కట్టకుండా వదిలేసి, ఆస్పత్రికి బయల్దేరమంది.

ఊళ్ళోని ప్రభుత్వ ఆస్పత్రిలో డాక్టరమ్మ ధనుర్వాతం సూదీ, కుక్కకాటుకు వేసే టీకా మొదటి మోతాదూ రెండు భుజాలకీ వేసింది. పిల్లి కరిచినా అదే టీకానా అని లాజరు అడిగాడు. అదే జబ్బు, అదే టీకా అని ఆమె చెప్పింది. మాత్రలు రాసింది. రక్తం వచ్చేలా పళ్ళు దిగాయి కాబట్టి గాయం చుట్టూ వేసే ఇంకో మందు కూడా కావాలనీ, దానికి పొద్దున్నే కర్నూలు పెద్దాసుపత్రికి పొమ్మనీ చీటీ ఇచ్చింది. రెజీనా పిల్లి సంగతి చెప్పింది. దాన్ని చంపొద్దు, తరమొద్దు, పది రోజులు కనిపెట్టి ఉండండని డాక్టరమ్మ అంది. జబ్బున్న పిల్లి పది రోజుల్లో చచ్చిపోతుంది. పది రోజుల తర్వాత కూడా అది తింటూ తిరుగుతూ ఉంటే, కరిచిన రోజున దానికి జబ్బు లేదని అర్థం. అయినా సూదులు మాత్రం ఆపకూడదు.

తెల్లారేసరికి లాజరు చెయ్యి బన్నులాగా ఉబ్బింది. బొటనవేలు కదలడంలేదు. ఒంట్లో జ్వరం. విశ్వాసమ్మకి మోకాళ్ళ నొప్పులు, బస్సెక్కలేదు. రెజీనా సెలవు చెప్పి మామని వెంటబెట్టుకుని మొదటి బస్సుకి బయల్దేరింది.

బస్సులో ఇద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు. బయట రోడ్డుకు రెండు వైపులా బండల గనుల మట్టిదిబ్బలు, ఆ తర్వాత ఎర్రనేల. బస్సు కుదుపుకి దెబ్బ తగలకుండా రెజీనా తన సంచి ఒళ్ళో పెట్టుకుని, దానిమీద మామ చేతిని ఆనించుకోమంది. ముందు సీటులో ఒక ముసలామె వెనక్కి తిరిగి చూసి, కూతురా అని అడిగింది. లాజరు అవునన్నాడు. రెజీనా కిటికీ వైపు తిరిగింది.

కర్నూల్లో చూసిన డాక్టరు నడివయసు మనిషి. చెయ్యి నొక్కి చూసి, వేళ్ళు మూయమని తెరవమని చూసి, ఎందుకింత ఉబ్బిందో లాజరుకి అర్థమయ్యేలా చెప్పాడు.

"కుక్క పన్ను చీలుస్తాదప్పా. పిల్లి పన్ను సూది మాదిరి. పైన చుక్కే కనపడతాది, లోపల కీలుదాకా క్రిములను దించేస్తాది. చుక్కే కదా అని నాలుగు దినాలు ఊరుకునింటే ఈ చెయ్యి కోసి కడగాల్సొచ్చేది."

గాయం చుట్టూ మందు సూదులు వేసేటప్పుడు లాజరు కళ్ళు మూసుకుని పళ్ళు బిగించాడు. గాయానికి కుట్లు వేయలేదు, కట్టు బిగించలేదు. లోపలి చీము బయటికి రావాలన్నారు. నరంలోకి మందు ఎక్కించాలి కాబట్టి రెండు రోజులు ఉండమన్నారు.

మంచం మీద చేరాక అతనికి పిల్లి గుర్తొచ్చింది. ఇవాళ ఆ బండలు ఎత్తేస్తారు, పిల్లిని సంచిలో వేసేస్తారు. ఆ మాట కోడలితో చెప్పి, నువ్వే భూపేష్ రెడ్డికి ఫోను చెయ్యి మా, నేను చెప్తే పిల్లిమీద ప్రేమతో చెప్తాండాడనుకుంటాడు అన్నాడు.

రెజీనా వరండాలోకి పోయి ఫోను చేసింది. లాజరు కోడల్నని చెప్పుకుంది. మామ సంగతి చెప్పింది. భూపేష్ బాధపడ్డాడు, ఖర్చుకేమైనా కావాలా అని అడిగాడు. పిల్లి మాట ఎత్తేసరికి మాత్రం విసుగు దాచుకోలేకపోయాడు. ఒక పిల్లి కోసం పది రోజులు స్టాండు ఆపుకోవాలా అన్నాడు. ఆమె గొంతు పెంచలేదు. అది పిల్లి కోసం కాదు సార్, మా మామ కోసం అంది. దాన్ని వదిలేస్తే అది బతికిందో చచ్చిందో ఎవరికీ తెలీదు, వదిలిన చోట ఇంకొకరిని కరిచినా తెలీదు అని చెప్పింది. సరే, ఆ స్టాండు జోలికి పోవద్దని ఓబన్నకి చెప్తానని భూపేష్ అన్నాడు. ఫోను పెట్టేముందు రెజీనా అడగాల్సింది అడిగింది. ఆ పిల్లి దగ్గరికి ఇంకెవరైనా పోయారా? ఎవరూ పోలేదని అతను చెప్పాడు.

ఆమె లోపలికి వచ్చి ఇదంతా చెబుతుంటే లాజరు లేచి కూర్చున్నాడు. పోయిన ఆదివారం పని లేకపోయినా మిషనుకి కొత్త పాలిష్ రాళ్ళు బిగించడానికి తను ఫ్యాక్టరీకి పోయాడు. భూపేష్ కూతురు లక్ష్మీప్రియ నాన్నతో వచ్చింది. ఎనిమిదేళ్ళ పిల్ల. వెనకవైపు బండల ముందు బోర్లా పడుకుని చెయ్యి లోపలికి పెట్టి ఉంటే తనే కేకేసి లేపాడు. అప్పుడు ఆ పిల్ల చెయ్యి వెనక్కి దాచుకుంది. ఎందుకు దాచుకుందో అతను ఆలోచించలేదు.

"చూడల్సిండె మా. చూడకుండా వచ్చేస్తి."

రెజీనా మళ్ళీ ఫోను చేసింది. ఈసారి భూపేష్ మాట పూర్తిగా విని, ఇప్పుడే ఇంటికి పోతానని ఫోను పెట్టేశాడు. మధ్యాహ్నం అతని భార్య స్వర్ణలత రెజీనాకి ఫోను చేసింది. పిల్లని బడినుంచి పిలిపించి పొడుగు చేతుల చొక్కా విప్పించి చూశామనీ, మోచేతి కింద మూడు సన్నటి గీరలు ఎర్రగా ఉన్నాయనీ చెప్పింది. సూది వేస్తారని భయపడి అయిదు రోజులుగా ఎవరికీ చెప్పలేదట. ఇప్పుడు చాలా ఆలస్యమైందా అని ఆ తల్లి అడిగింది. రెజీనా వరండా స్తంభానికి ఆనుకుని నిదానంగా చెప్పింది. ఆలస్యం కాలేదక్కా. ఇప్పుడైనా సబ్బుతో కడుగు. ఈ సాయంత్రమే తీసుకుపోయి మొదటి సూది వేయించు. పిల్లని తిట్టొద్దు. తిడితే ఇంకోసారి కూడా దాచిపెడుతుంది.

ఆ సాయంత్రమే లక్ష్మీప్రియకి టీకా వేశారు. రక్తం కారని పైపై గీరలే కాబట్టి గాయం చుట్టూ వేసే మందు అవసరం లేదన్నారు.

శనివారానికి లాజరు జ్వరం దిగింది. ఆదివారం టీకా రెండో మోతాదు అక్కడే వేయించుకుని, చెయ్యి మెడకి వేలాడదీసుకుని ఇంటికొచ్చాడు. వీధిలోవాళ్ళు ప్రార్థన ముగించుకుని అటునుంచి అటే చూడ్డానికి వచ్చారు. విశ్వాసమ్మ అందరికీ టీ ఇస్తూ, పసుపూ కారమూ గిన్నె గురించి తనే చెప్పుకుని తనే నవ్వుకుంది.

ఈ మూడు రోజులూ ఫ్యాక్టరీలో పిల్లికి కాపలా ఓబన్నదే. పిల్లి కరిస్తే ఏమవుతుందన్న మనిషికి ఇప్పుడు దానికి పొద్దునొకసారి మాపొకసారి అన్నం పెట్టి, తిన్నదో లేదో చూసి, భూపేష్‌కి ఫోనులో చెప్పడమే పని. బండల దగ్గరికి ఎవర్నీ రానివ్వలేదు. దూరంనుంచి గిన్నె కర్రతో నెట్టేవాడు. అది నీళ్ళు తాగుతోందా, తూలుతోందా, చొంగ కారుస్తోందా, ఊరికే మీదికి వస్తోందా, ఇవి చూడమని రెజీనా చెప్పింది. ఓబన్న అన్నీ కంఠతా పట్టాడు.

సోమవారం పొద్దున పిల్లి లేదు. స్టాండు కింద చూస్తే పిల్లలూ లేవు.

ఓబన్న ఫోను చేయగానే భూపేష్ బండి వేసుకుని వచ్చేశాడు. లక్ష్మీప్రియని పిల్లి గీరి అది ఎనిమిదో రోజు. ఫ్యాక్టరీ అంతా వెతికించాడు. లారీల కింద, బండల స్టాండ్ల మధ్య, గదుల పైకప్పుల మీద చూశారు. ఎవరో నిన్న రాత్రి కుక్కలు తిరిగాయన్నారు. ఆ మాట విని భూపేష్ గది మెట్లమీద కూర్చుండిపోయాడు.

లాజరుకి కబురందింది. ఇంట్లో ఉండమని విశ్వాసమ్మ చెప్తున్నా వినకుండా మెడకి చెయ్యి వేలాడదీసుకునే వచ్చాడు. టీకా వేయించుకున్నాం, భయం లేదని రెజీనా చెప్పిన మాట అతనికి తెలుసు. తెలిసినా పిల్లి కనపడలేదనగానే ఇంట్లో కూర్చోలేకపోయాడు. తనకేమో గానీ ఆ చిన్నపిల్ల సంగతే అతని మనసులో మెదులుతోంది. ఆ ఆదివారం చెయ్యి చూసి ఉంటే అనుకున్నాడు.

స్టాండు కింద వంగి చూసి, ఇంతమంది వచ్చిపోతుంటే ఏ పిల్లి ఉంటాదప్పా అని ఓబన్నతో అన్నాడు. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని అమ్మమ్మలు ఊరికే అనలేదు కదా. నువ్వు రోజుకు రెండుసార్లు కర్రతో గిన్నె నెట్టినావు, అది ఇల్లు మార్చుంటాది.

మిషన్ల నుంచి వచ్చే తెల్ల బురద కాలువ వెంట పారి ఫ్యాక్టరీ వెనక ఒక గుంటలో చేరుతుంది. అంచుల్లో ఎండి మైదా పరిచినట్టుగా ఉంటుంది. లాజరు మనుషుల్ని ఆగమని, ఒక్కడే గుంట చుట్టూ నడిచాడు. తూర్పు అంచున చిన్న చిన్న అడుగులు కనిపించాయి. ఒకటే దారి, పోనూ రానూ చాలాసార్లు తొక్కినట్టుగా ఉంది. పోయిన అడుగులు కొంచెం లోతుగా, తిరిగొచ్చినవి పైపైన ఉన్నాయి. నోట పిల్లని కరుచుకుని పోయి, ఒట్టి నోటితో తిరిగొచ్చింది.

ఆ అడుగులు పాత జనరేటరు గది వరకూ పోయాయి. తలుపు కింద సందుంది. లాజరు ఈసారి చెయ్యి పెట్టలేదు. కిటికీ ఊచల్లోంచి చూశాడు. చిరిగిన గోనెసంచుల మీద పిల్లి పక్కకి వాలి పడుకుని ఉంది. మూడు పిల్లలూ పాలు తాగుతున్నాయి. అది తలెత్తి అతన్ని చూసి, మళ్ళీ దించుకుంది.

ఓబన్న మూకుడులో నీళ్ళు తెచ్చి తలుపు దగ్గర పెట్టి అందరూ దూరంగా జరిగారు. కొంతసేపటికి అది బయటికి వచ్చి నీళ్ళు తాగింది. నిదానంగా, నాలిక చప్పుడు వినిపించేలా తాగింది. భూపేష్ ఆ చప్పుడు వింటూ నిలబడ్డాడు. తర్వాత ఫోను తీసి భార్యకి చెప్పాడు.

ఆ సాయంత్రం అతను లాజరు ఇంటికొచ్చాడు. ఎప్పుడూ రాని మనిషి. విశ్వాసమ్మ కుర్చీ తుడిచి వేసింది. అతను కూర్చోకుండా రెజీనాతో అన్నాడు.

"నువ్వు రెండోసారి ఫోను చెయ్యకపోయింటే మాకు తెలిసేది కాదమ్మా."

చెప్పింది మామ సార్, నేను ఫోను చేసినానంతే అని రెజీనా అంది.

పది రోజులు గడిచాయి. పదకొండో రోజున కూడా పిల్లి ఓబన్న పెట్టిన ఎండుచేపలు తిని గోడెక్కి పోయింది. స్టాండు బండలు లారీకెక్కాయి. సూదులు మాత్రం ఎవరూ మానలేదు. మూడో మోతాదు, తర్వాత ఇరవై ఎనిమిదో రోజున ఆఖరుది. లక్ష్మీప్రియకి ఆఖరు సూది వేసిన రోజు ఆ పిల్ల ఏడవలేదని స్వర్ణలత ఫోను చేసి చెప్పింది.

పిల్లికూనలు పెద్దవయ్యేసరికి వాటికీ తల్లికీ టీకాలు వేయించాలనీ, తల్లికి ఇంక పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించాలనీ రెజీనా అంది. పట్టుకోవడమెట్లా అన్నది ప్రశ్న. ఒక ఆదివారం ప్రార్థన తర్వాత ఆమే ఫ్యాక్టరీకి వచ్చింది. పండ్ల మార్కెట్టునుంచి మూతున్న ప్లాస్టిక్కు బుట్ట తెప్పించి, లోపల ఎండుచేప పెట్టి, మూడు రోజులు మూత వేయకుండా అట్లాగే వదిలేయమంది. పిల్లి భయం తీరి లోపలికి పోయి తినడం మొదలుపెట్టాక, నాలుగో రోజు దూరంనుంచి తాడు లాగి మూత వేశారు. ఎవరూ దానిమీద చెయ్యి వేయలేదు. బుట్టమీద దుప్పటి కప్పేసరికి అది అరవడం మానింది. కర్నూలు పశువుల ఆస్పత్రికి భూపేష్ కారులోనే పోయింది.

బుట్ట పెట్టిన ఆదివారం లక్ష్మీప్రియ కూడా అక్కడే ఉంది. రెజీనా ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుంది. తింటున్న పిల్లిని, పాలిస్తున్న పిల్లిని ముట్టుకోకూడదనీ, అది చెవులు వెనక్కి వంచి తోక కొడుతుంటే కోపమొచ్చినట్టనీ చెప్పింది. వేళ్ళతో ఆడిస్తే వేళ్ళే ఆటబొమ్మలనుకుంటాయని ఒక గుడ్డపేలికని తాడుకి కట్టి ఇచ్చింది. పిల్లికూనలు ఆ పేలిక వెంట గెంతుతుంటే ఆ పిల్ల ముసిముసిగా నవ్వుతూ తాడు లాగింది.

లాజరు బొటనవేలు పూర్తిగా మునుపటిలా వంగదు. నెల తర్వాత పనిలోకి వచ్చినప్పుడు మిషను పిడి పట్టుకోవడం కొత్తగా నేర్చుకోవాల్సొచ్చింది. పొద్దుటిపూట వేడినీళ్ళలో చెయ్యి పెట్టి, వేళ్ళు మూసి తెరిచి, ముప్పైసార్లు చేయాలి. రెజీనా డ్యూటీకి పోయేముందు చెంబులో నీళ్ళు పెట్టి పోతుంది. చేశారా లేదా అని అత్తని అడగదు, అతన్నే అడుగుతుంది. చెయ్యకపోతే చెయ్యలేదనే చెప్తాడు.

జయకుమార్ ఆ నెలలో రెండుసార్లు ఇంటికి వచ్చిపోయాడు. రెండోసారి వచ్చినప్పుడు అన్నాల దగ్గర నాన్నా భార్యా ఏదో వాదించుకుంటూ కనిపించారు. ఫ్యాక్టరీలో గేటు దగ్గర ఒక కొళాయీ సబ్బు పెట్టె ఉండాలని రెజీనా అంటోంది. ప్రతి గాయమూ ఆ తెల్లనీళ్ళ తొట్లోనే కడుగుతున్నారంటే ఎప్పటికైనా ముప్పే అంటోంది. భూపేష్ పెట్టిస్తాడు గానీ సబ్బు రెండు రోజుల్లో మాయమైతాదని లాజరు అంటున్నాడు. మాయమైతే మళ్ళీ పెట్టల్ల మామా అని ఆమె అంది. రోజూ ఎవరు పెడతారని అతను అడిగాడు. మీరే పెట్టల్ల అని ఆమె అంది.

జయకుమార్ పళ్ళెంలో చెయ్యి పెట్టి ఒకర్ని విడిచి ఒకర్ని చూస్తున్నాడు. విశ్వాసమ్మ అతనికి ఇంకొంచెం పప్పు వడ్డించి, నువ్వు తినురా, వీళ్ళది ఇప్పట్లో తెగదు అంది.